చదునైన ఇనుము - మూడు పలకల చరిత్ర

నేటి ప్రసంగమునకు నేను తీసికొన్న విషయము వినగనే పెద్దలు కొందఱు నవ్వవచ్చును. మోటారుకారు యంత్రమునుండి వేడిపొగ వెలుపలికి పోవు ఇనుప గొట్టము చివర మందమైన అంచు ఒకటి యుండును. దానిని ఫ్లాంజి యందురు. ఆ అంచునకు రంధ్రములుండును. వానిలో బోల్టులు దూర్చి గొట్టమును యంత్రమునకు బిగింతురు. ఆ అంచు వేడికి వంగిపోయినచో దానిని తిరిగి చదును చేయుట యెట్లు? ఇది మరమ్మతు కొట్టు సంగతి గదా, చరిత్ర ప్రసంగములో దీనికేమి పని యని మీరడుగవచ్చును. కాని ఆ అంచును చదును చేయబూనిన పనివానికి మొదట కావలసినది ఆకురాయి కాదు. ఏ వస్తువుతో పోల్చి యిది చదునైనదని చెప్పవచ్చునో, అట్టి మఱొక చదునైన వస్తువు కావలెను. ఆ వస్తువును చదును చేసినవారు దేనితో పోల్చి చేసిరి? దానికి ముందటి దానిని దేనితో పోల్చిరి? ఇట్లు వెనుకకు పోగా పోగా, చదునైనది యేదియు లేని చోటినుండి మొదటి చదును పుట్టి తీఱవలెను. అది పుట్టిన విధమును చెప్పుటయే నా ఉద్దేశము.

ముందుగా ఆ అంచు వంగుట కేమి కారణమో చెప్పవలెను. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినకొలది నిప్పు రగులునని మీరెఱుగుదురు. మోటారు యంత్రమును ఒక విధమైన కొలిమియే. దానిలో మండు నూనెకు గాలి తోడు కావలెను. గాలి యెక్కువ పంపగలిగిన నూనె యెక్కువ మండించవచ్చును, బలము పెరుగును. ఆ గాలిని ఊదుట కెవరిని నియమింపవలెను? యంత్రమునుండి వ్యర్థముగా బయటికి పోవు వేడిపొగనే నియమింపవచ్చునని ఒకానొక బుద్ధిమంతునికి తోచినది. పొగ పోవు దారిలో ఒక చిన్న చక్రము పెట్టుదురు. పొగవేగమునకు అది గిఱ్ఱున తిరుగును. ఆ చక్రపు ఇరుసునకే రెండవకొసను మఱొక చక్రముండి, అది బయటి గాలిని పీల్చి యంత్రములోనికి నెట్టును. నిప్పే తన తిత్తిని తాను ఊదుకొనుచున్నదన్న మాట. దీనికే టర్బోఛార్జరు అని పేరు. నేటి చిన్నకార్లలోని యీ చక్రములు నిమిషమునకు 2 లక్షల సార్లకు పైగా కూడ తిరుగుట కలదు.

ఆ బుద్ధిమంతుడు ఆల్ఫ్రెడ్ బూషి యను స్విట్జర్లండు ఇంజనీరు. 1879లో వింటర్‌తుర్ పట్టణమున పుట్టినవాడు. 1905లో ఈ ఊహకు హక్కుపత్రము కోరెను. ఊహ మంచిదే గాని అంతటి వేడికి నిలుచు లోహము ఆనాడు సులభముగా దొరకలేదు. ఇరువది యేండ్ల కాలము గడచినది. 1925 నాటికి గాని డీసెలు యంత్రములపై అది చక్కగా ఫలింపలేదు. తరువాత జర్మనీలోని ప్రాయిసెన్, హాన్జెస్టాట్ డాంజిగ్ అను రెండు ఓడల యంత్రములకు దీనిని అమర్చగా, 1,750 గుఱ్ఱపు బలము గల యంత్రము 2,500 గుఱ్ఱపు బలము నిచ్చినది. ఈ నడుమ మొదటి ప్రపంచ యుద్ధము వచ్చినది. విమానము పైకి పోయినకొలది గాలి పలుచనై యంత్రము నీరసించును గనుక ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో యను నాతడు విమానములకు దీనిని అమర్చ యత్నించెను. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అనునాతడు 1918లో ఒక విమాన యంత్రమును పైక్స్ పీక్ అను కొండమీదికి, సుమారు 14,000 అడుగుల ఎత్తునకు, చేర్చి పరీక్షించెను. సముద్రమట్టమున 350 గుఱ్ఱపు బలమునిచ్చు యంత్రము ఆ కొండమీద 230 మాత్రమే ఇచ్చినది. ఈ సాధనమును తగిలింపగా 356 ఇచ్చినది. కొండమీదనే కోల్పోయిన బలము తిరిగి వచ్చినదని దీనివలన రుజువైనది.

కార్లలోనికి ఇది వచ్చుట ఆలస్యమైనది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ మాంజా స్పైడర్ అను కార్లు దీనితో అమ్మకమునకు వచ్చెను. జెట్‌ఫైరుకు శుద్ధజలము, మెథనాలు కలిపిన ద్రవము ఒకటి వేఱు తొట్టిలో పోయుచుండవలెను. కొన్నవారు దానిని పోయుట మఱచిరి. ఆ ప్రయోగ మంతటితో సరి. తరువాత 1970ల నడుమ పోర్షే, శాబ్ కార్లతో ఇది నిలదొక్కుకొన్నది. నేడు మన లారీలలో, కార్లలో చాలవానికి, ట్రాక్టర్లలో కొన్నిటికి ఇది యున్నది. అందుచేత వంగిన అంచు మన రోడ్ల వ్యాధియు నైనది.

ఇంత మేలు చేయు సాధనము అడుగు వెల యేమనగా వేడి. పెట్రోలు యంత్రము గట్టిగా పనిచేయునప్పుడు ఆ పొగ 900 డిగ్రీల సెంటిగ్రేడునకు మించి కూడ కాగును; డీసెలు పొగ అంతకు కొంత తక్కువ. పోత ఇనుము కరగునది సుమారు 1,200 డిగ్రీలకడ నని తెలిసినచో ఆ గొట్టము ఎంత కష్టములో నున్నదో తెలియును. రాత్రివేళ చూచినచో అది ఎఱ్ఱగా కనబడుట కూడ కలదు.

వేడికి ఇనుము పెరుగునని గ్రామములో ఎవరికి చెప్పనక్కఱలేదు. బండిచక్రమునకు ఇనుప పట్టా వేయునపుడు పిడకలు పేర్చి పట్టాను ఎఱ్ఱగా కాల్చి, అది పెరిగియుండగా చక్రముమీద దింపి, నీళ్లు చల్లుదురు. చల్లాఱి కుదించుకొని అది చక్రమును పట్టును. కాఱు గొట్టపు అంచునకును ఇదియే జరుగును. ఒక అడుగు పొడవు గల పోత ఇనుప అంచు 500 డిగ్రీలు వేడెక్కినచో సుమారు ఒకటిన్నర మొదలు రెండు మిల్లీమీటర్ల వఱకు పొడవు పెరుగగోరును. అది బిగింపబడియున్న యంత్రపు భాగమో, లోపల నీరు పాఱుచుండుటచేత నూఱు డిగ్రీల చెంతనే యుండి, అరమిల్లీమీటరు పాటి మాత్రమే పెరుగును. నడుమ బోల్టులు పట్టుకొనియున్నవి. పెరుగుటకు చోటు లేని ఇనుము ఎఱ్ఱని మెత్తదనములో తనలో తానే నలుగును. యంత్రము ఆపిన తరువాత చల్లాఱి కుదించుకొనునపుడు మునుపటి పొడవునకు రాక, ఇంకను పొట్టిదై, లాగుకొని, కొసలవద్ద విల్లువలె వంగును. ప్రతిదిన మిట్లే. ఒక్కొకమాఱు వెంట్రుకవాసి కంటె తక్కువ. వేయిమాఱు లైన తరువాత బోల్టు తెగుటయో, సందు విడుటయో సంభవించును.

ఆ సందు ఎంతదని తేలికగా తీసివేయరాదు. పొగ చక్రమును త్రిప్పుటకు ముందే సందులోనుండి జాఱిపోయినచో తిత్తికి ఊపు తగ్గును, బండి కొండ ఎక్కలేదు, నూనె వ్యర్థమగును. టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చును. అంచుప్రక్క నల్లని మసి చార కట్టును. అంతవఱకు ధననష్టము. కాని ఆ పొగలో కార్బను మోనాక్సైడు అను వాయువు కలదు. అది కంటికి కనబడదు, ముక్కునకు తెలియదు. ప్రాణవాయువు కూర్చుండవలసిన నెత్తుటి పీటమీద అది ముందుగా కూర్చుండును. మూసిన కారులోనికి గాని, తలుపు వేసిన కొట్టములోనికి గాని ఆ వాయువు చేరినచో నిద్రవచ్చినట్లు తలవాల్చినవారు తిరిగి లేవకపోవచ్చును. వెంట్రుకంత వంకరను సరిదిద్దుట ఒక విద్యగా ఎంచవలసి వచ్చుటకు కారణ మిదియే.

వంగినదానిని సుత్తెతో కొట్టి సరిచేయరాదా యని కమ్మరి పని తెలిసినవారికి తోచును. సాగు ఇనుమైనచో కొట్టవచ్చును. ఈ గొట్టములు చాలవఱకు పోత ఇనుము. పోత ఇనుము దెబ్బకు వంగదు, పగులును. కాల్చి కొట్టినను చీలిక పుట్టు భయము తప్పదు. కాబట్టి ఎత్తుగా నున్న చోట ఇనుమును కొంచెము కొంచెముగా కోసివేసి తక్కిన చోటితో సమానము చేయుట యొక్కటే దారి. ఎత్తుగా నున్న చోటేదో కనుగొనుటకు చదునైన పలక కావలెను. ఇక్కడినుండి చరిత్రలోనికి పోవుదము.

రాళ్లను చదును చేయుట ప్రాచీన విద్య. గ్రీసు దేశమున లెబడేయా అనుచోట దేవాలయ నిర్మాణమునకు సంబంధించిన యొక శిలాశాసనము కలదు. క్రీస్తు పూర్వము 2వ శతాబ్దిది. రాతి పలకకు ఎఱ్ఱమట్టి పూసి, దానిని చెక్కినరాతిమీద మోపి, రంగు అంటినచోట్లను చూచి కీళ్లు పరీక్షింపవలెనని అందులో నియమము కనబడును. నేటి మరమ్మతు పనివాడు నీలిరంగు పూసి చేయునదియు ఇదియే. రెండువేల యేండ్లకు పైగా ఈ పద్ధతి మాఱలేదు. కాని రాతికట్టడమునకు గోరంత తేడా తప్పుకాదు. లోహమునకు అంత ఖచ్చితము కావలసిన అవసరము ఆవిరియంత్రముతో వచ్చినది.

ఆవిరియంత్రములో ఆవిరిని ఒకమాఱు ఈవైపునకు, ఒకమాఱు ఆవైపునకు పంపవలెను. 1799లో విలియం మర్డాక్ అను నాతడు ఇందులకై జరుగుడు కవాటమునకు హక్కుపత్రము పొందెను. ఒక ఇనుప ముఖముమీద మఱొక ఇనుప ముఖము ముందుకు వెనుకకు జరుగుచు రంధ్రములను మూయుచు తెఱచుచు నుండును. ఆ రెండు ముఖములు చదునుగా లేనిచో ఆవిరి సందులలోనుండి పోవును, బొగ్గు వ్యర్థమగును. మన కాఱుగొట్టపు అంచునకు వచ్చిన వ్యాధియే అప్పటి ఆవిరియంత్రమునకును ఉండెను. అప్పుడు ఇనుమును చదును చేయు సాధనములు ఉలి, ఆకురాయి, చేతినేర్పు మాత్రమే. చదును చేయు యంత్రములు ఇంకను పుట్టలేదు.

ఈ స్థితిలో హెన్రీ మాడ్‌స్లీ అనునాతడు వచ్చెను. 1771లో లండనునకు చేరువనున్న ఊలిచ్‌లో జననము. బడిచదువు స్వల్పము. 12 ఏండ్ల ప్రాయమున ఆయుధాగారములో తుపాకిమందు గొట్టములు నింపు పనిలో చేరెను. తరువాత వడ్రంగి శాలకు మార్చిరి; అతని మనస్సు మాత్రము ప్రక్కనున్న కమ్మరి కొలిమిమీదనే. చివరకు కమ్మరియే అయ్యెను. తాళముల పనిలో పేరుపొందిన జోసెఫ్ బ్రామా అతని నేర్పు విని పిలిపించెను. కొన్నియేండ్లకు కుటుంబము పెరిగి, వారమునకు 30 షిల్లింగుల కూలి చాలక, హెచ్చు చేయుమని మాడ్‌స్లీ అడిగెను. బ్రామా కాదనెను. మాడ్‌స్లీ 1797లో వేఱుగా కొట్టు పెట్టుకొనెను. ఆ కూలి హెచ్చించియుండినచో ఇంగ్లండు యంత్రచరిత్ర మఱొక దారిని నడచెడిదేమో!

మాడ్‌స్లీ కొట్టులో ప్రతి పనివాని బల్లకడను ఒక చదునైన ఇనుప పలక ఉంచెడివారు. చేసిన వస్తువును ఎప్పటికప్పుడు దానిపై మోపి చూచుకొనవలెను. ఆ పలకలనే మొదట చదునుగా ఎట్లు చేసిరి? ఇదియే ముడి.

ఇక్కడ మన వంటింటి సన్నికల్లును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. సన్నికల్లుమీద పొత్రమును ఏండ్లతరబడి ముందుకు వెనుకకు నూఱగా నూఱగా సన్నికల్లు నడుమ పల్లమగును, పొత్రము నడుమ ఉబ్బుగా తేలును. రెండును ఒకదానికొకటి చక్కగా కుదురును, సందు కనబడదు. కాని రెండింటిలో ఒకటియు చదునైనది కాదు. కాబట్టి రెండు పలకలను ఒకదానితో నొకటి రుద్ది, రెండును కుదిరినవి గనుక చదునైనవని యనుకొన్నవాడు మోసపోవును. ఒకటి ఉబ్బు, ఒకటి పల్లము కావచ్చును.

మూడవ పలకను తెచ్చినచో మోసము బయటపడును. మొదటి పలకను రాముడనియు, రెండవదానిని లక్ష్మణుడనియు, మూడవదానిని భరతుడనియు అనుకొందము. రాముడు కొంచెము ఉబ్బు. లక్ష్మణుని రామునికి కుదుర్చగా అతడు పల్లమయ్యెను. ఇప్పుడు భరతుని లక్ష్మణునికి కుదిర్చినచో భరతుడును రామునివలె ఉబ్బుగా తయారగును. ఇంతవఱకు అన్నియు కుదిరినట్లే యుండును. ఇపుడు రాముని, భరతుని ముఖాముఖి పెట్టిచూడుడు. రెండు ఉబ్బులు కలిసి నడుమ మాత్రమే తగిలి, అంచులయందు సందు విడును. దోషము రెండింతలై కనబడినది. అప్పుడు ఆ రెండింటి నడుమ ఎత్తును సమముగా కోయవలెను. తరువాత మరల లక్ష్మణుని దగ్గఱకు. ఇట్లు తిరిగి తిరిగి, మూడు పలకలలో ఏ రెండు కలిపినను అంతట తగులువఱకు చేయవలెను. మూడును ఒకదానికొకటి కుదిరినవన్నచో అవి ఉబ్బుగా నుండుటకు వీలులేదు, పల్లముగా నుండుటకును వీలులేదు. మెలి తిరిగియుండుటకు మాత్రము ఇంకను వీలుకలదు. అందుచేత ఒక పలకను మఱొకదానిపై అడ్డముగా త్రిప్పి కూడ చూడవలెను. ఇట్లు అబద్ధములైన మూడు పలకలనుండి, బయటినుండి ఏ కొలతబద్దయు అరువు తేకుండ, నిజమైన చదును పుట్టును. ముగ్గురు సాక్షులను వేఱువేఱుగా ఎదురుబెట్టి విచారించు న్యాయము దీనిలో కలదు.

ఈ మూడు పలకల ఉపాయము ఎవరిదన్న విషయమున చరిత్రలో చిన్న తగవు కలదు. పాఠ్యపుస్తకములు చాలవఱకు జోసెఫ్ విట్‌వర్త్ పేరు చెప్పును. అతడు 1803లో స్టాక్‌పోర్ట్‌లో పుట్టి, 1825 మొదలు మాడ్‌స్లీ కొట్టులో పనిచేసి, 1833లో మాంచెస్టరులో స్వంతకొట్టు పెట్టి, 1840లో గ్లాస్గో నగరమున బ్రిటిషు విజ్ఞాన సంఘపు సభలో నిజమైన సమతలములనుగుఱించి ఒక వ్యాసము చదివెను. మాడ్‌స్లీ కొట్టులో అతడు తొలిసారి నిజమైన పలకలు సాధించిన సంగతినిగుఱించి ఒక కథ ఆ కాలపు గ్రంథములలో కనబడును. ప్రక్కబల్ల పనివాడు, అవి నిజముగా చదునైనవైనచో ఒకటి రెండవదానిని అంటి పైకి లేపవలెను గదా యని సందేహించెనట. విట్‌వర్త్ పై పలకను ఎత్తగా క్రిందిది దానితో లేచి వచ్చెనట. రెండు పలకల నడుమ సందు లేనిచో అవి ఒకదానిని మఱొకటి విడువవు.

మాడ్‌స్లీకి చివరి దినములలో సహాయుడుగా నుండిన జేమ్స్ నాస్మిత్ మాట వేఱు. ఇతడు 1829లో ఆ కొట్టులో చేరెను. 1883లో అచ్చయిన తన స్వీయచరిత్రలో, మాడ్‌స్లీ మనుష్యులు పలకలను మూడేసి చొప్పున చేయుచుండిరనియు, చివర మిగిలిన చిన్న చిన్న మిట్టలను గట్టి ఉక్కు గీకుడు పనిముట్లతో తీసివేయుచుండిరనియు వ్రాసెను. అంతకంటె ముఖ్యముగా, ఈ యుపాయము యంత్రకారులలో చాల పాతదని తాననుకొనుచున్నట్లును చెప్పెను. నాకు నాస్మిత్ మాటయే నమ్మదగినదిగా తోచుచున్నది. ఇట్టి చేతిరహస్యములు ఒక్కని తలలో ఒక్కనాడు పుట్టవు. పేరు లేని పనివాండ్రు తరతరములుగా ఒకరినుండి ఒకరు నేర్చుకొందురు. ఎవడో ఒకడు కాగితముమీద పెట్టును. పేరు వానికి దక్కును. అట్లని విట్‌వర్త్ ఘనతను తగ్గించుట నా యుద్దేశము కాదు. కొట్టు గోడలమధ్య దాగియున్న విద్యను సభలో అందఱియెదుట విప్పిచెప్పుట సామాన్యము కాదు. ఆ కాలమున అట్టివి దాచుకొనుటయే లోకరీతి.

పైగా 1840 వ్యాసములో మఱొక గట్టి మాట కలదు. అంతవఱకు చాలమంది రెండు పలకల నడుమ గరుకుపొడి వేసి రుద్ది చదును చేయుచుండిరి. విట్‌వర్త్ ఇది తప్పనెను. పొడి అంతట సమముగా నిలువదు. ఒకచోట ఎక్కువ చేరును, ఒకచోట తక్కువ. ఎక్కడ కోయుచున్నదో పనివాని స్వాధీనములో నుండదు. రుద్దిన ముఖము నిగనిగలాడును గాని నిజము కాదు. దానికి బదులు, రంగు పూసి మోపి, రంగు అంటిన మిట్టలను మాత్రమే ఉక్కు పనిముట్టుతో గీకి తీయుమని అతడు బోధించెను. ఎక్కడ తప్పున్నదో అక్కడనే చేయి పెట్టుట, తక్కినదానిని ముట్టకుండుట. మరుసటియేడు, 1841లో, బోల్టుల మరలన్నిటికి ఒకే కొలత యుండవలెనని అతడు ప్రతిపాదించెను. మన దేశపు కొట్లలో సయితము విట్‌వర్త్ మర యని చాలకాలము వాడుకలో నుండినది అదియే. 1851లో లండను మహాప్రదర్శనమున అంగుళములో పదిలక్షవ వంతు తేడాను కనిపెట్టు కొలయంత్రమును చూపెను. ఆ కొలయంత్రమునకును మూలము చదునైన ముఖములే.

ఒకమాఱు నిజమైన పలక చేతికి వచ్చినపిమ్మట దానిని చూచి యంత్రపు జారుబాటలను చదును చేసిరి. చదునైన జారుబాట గల యంత్రము ఇంక వేలకొలది ముఖములను తన్ను పోలినవిగా కోయజొచ్చినది. మాంచెస్టరులో రిచర్డ్ రాబర్ట్స్ 1817లోనే ఇనుమును చిత్రికపట్టు యంత్రమును చేసియుండెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇనుము కఱవై అమెరికాలో నల్లరాతి పలకలు వాడుకలోనికి వచ్చెను. రాయి త్రుప్పుపట్టదు, దెబ్బ తగిలినను అంచు లేచి నిలువక పొడియై రాలును. నేటి పెద్ద కర్మాగారములలో కొలతబల్లలు చాలవఱకు రాతివే.

ఇపుడు మరమ్మతు కొట్టునకు రావచ్చును. విజయవాడ ఆటోనగరమువంటి చోట్ల గొట్టపు అంచు వంగివచ్చినచో మిల్లింగు యంత్రముమీద బిగించి ఒక్క పొర కోయించుట తేలికదారి. యంత్రము చెంత లేనిచో చేతిపని తప్పదు. మొదట పాత గాస్కెట్టు ముక్కలను, మసిని గీకి తీయవలెను. మసి మిగిలినచో అదియే మిట్టయై మోసగించును. తరువాత తిన్నని ఉక్కుబద్దను అంచుమీద నిలిపి దాని క్రింద ఫీలర్ గేజి రేకులు దూర్చి చూచెదరు. పొడవున చూచినంత మాత్రమున చాలదు. మూలనుండి మూలకు కూడ చూడవలెను. మెలి అప్పుడే తెలియును. వంకర ఎంతవఱకు ఓర్చదగునో ఆయా యంత్రపు పుస్తకములో వ్రాసియుండును. సాధారణముగా అది మిల్లీమీటరులో పదవ వంతు, రెండు వంతుల మాట.

అటుపిమ్మట నీలిరంగును పలుచగా పలకకు పూసి అంచును దానిపై మోపినచో మిట్టలకు రంగంటును. ఆకురాయి పట్టుటలో ఒక చిక్కు కలదు. క్రొత్తవాడు ఆకురాయిని ముందుకు త్రోయునపుడు మొదట కుడిచేయి, తరువాత ఎడమచేయి బరువై ఉయ్యాలవలె ఊగును. అంచుల కొసలు అరిగిపోయి నడుమ ఉబ్బు మిగులును. ఇనుమును ఎంత తీసినను చదును రాదు. అందుచేత తెలిసినవారు ఆకురాయిని అడ్డముగా రెండుచేతులతో పట్టి దగ్గఱకు లాగుచు పనిచేయుదురు, రంగంటినచోట మాత్రమే. కొందఱు దళమైన గాజుపలకమీద గరుకుకాగితము పఱచి అంచును దానిపై రుద్దుదురు. పనికి వచ్చును గాని, 1840లో విట్‌వర్త్ చెప్పిన దోషము దీనిలోను కొంత దాగియున్నది. చేతిబరువు పడినవైపు ఎక్కువ అరుగును, ముఖము మెఱయును, మెఱపు చూచి పనివాడు తృప్తిపడును. రుద్దిన తరువాత మరల రంగుతో పరీక్షింపనివాని పనిని నేను నమ్మను. మఱికొందఱు రెండు వంగిన అంచులను ఎదురెదురుగా పెట్టి పొడివేసి రుద్దుదురు. అది సన్నికల్లు పొత్రముల కథ. ఆ రెండింటినే జతగా బిగించినచో గడిచిపోవును. గొట్టములలో ఒకదానిని మార్చిననాడు సందు తిరిగి విడును.

చదును చేసినంతనే రోగము తీఱలేదు. అంచు పెరుగుటకు చోటు లేకనే వంగినదని ముందు చెప్పితిని. అందుచేత ఒకే పొడవైన అంచుగా గాక, ఒక్కొక గొట్టమునకు వేఱువేఱుగా అంచును విడదీసి చేయుటయు, బోల్టు రంధ్రములను కొంచెము కోలగా చేసి ఇనుము జరుగుటకు వీలిచ్చుటయు కొన్ని యంత్రములలో కలదు. టర్బోఛార్జరు బరువంతయు గొట్టముమీదనే వ్రేలాడకుండ దానికొక ఊతకమ్మి పెట్టుదురు. ఎవరైన దానిని విప్పి మరల బిగింపక వదలినచో అంచు త్వరలోనే వంగును. మాటిమాటికి కోసి పలుచనైపోయిన అంచును, చీలిక పుట్టిన అంచును చదును చేయుట వ్యర్థము. గొట్టమును మార్చుటయే మేలు.

బిగించుటలో నడిమి బోల్టులనుండి మొదలుపెట్టి ఇరువైపుల కొసలకు పోవలెను. ఒకేమాఱు బిగింపక రెండు మూడు విడతలుగా, పుస్తకములో చెప్పిన బిగువునకు తేవలెను. కొసలు ముందు బిగించినచో నడుమ చిక్కిన వంకర ఎక్కడికి పోవును? పని ముగిసిన తరువాత, యంత్రము ఇంకను చల్లగా నుండగానే, తలుపులు తెఱచిన చోట దానిని నడిపి, అంచుచుట్టును సబ్బునీరు చిలుకరించి చూడవచ్చును. సందు మిగిలియున్నచో అక్కడ బుడగలు లేచును. బుడగ లేచినచో విప్పి, తుడిచి, రంగు డబ్బా మరల తెఱవవలెను.